బావ కుర్చీలో ఎవరికీ నచ్చని సినిమా

ఆ సినిమా గురించి ఎవరు మంచి మాట అన్నా బావకు ఎడమ చెవి వెనక దురద పుట్టేది. చేతిలో కత్తి ఉండటంతో గోక్కునే వీలు లేక ఆ దురదంతా మాటల్లోకి దిగేది.

“ఏముంది సార్ అందులో?” అనేవాడు, కుర్చీలో ఉన్న మనిషి గడ్డం కింది చర్మాన్ని బొటనవేలితో సాగదీసి పట్టుకుని.

ఆ మనిషి చూపు పైన తిరిగే ఫ్యాను మీద నిలిచేది. “అంటే... జనం అన్నంత ఏం లేదులెండి” అనేవాడు, పెదవులు కదిలీ కదలకుండా.

“కదా!” అనేవాడు బావ. కత్తి చెంప మీద నున్నగా జారిపోయేది.

పక్క కుర్చీ దగ్గర బామ్మర్ది కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కిచకిచలాడేది.

వాళ్ళిద్దరి అసలు పేర్లతో ఆ వీధిలో ఎవరికీ పనిపడలేదు. బావ పెళ్ళాడింది బామ్మర్ది అక్కను. బామ్మర్ది రోజంతా “బావా, ఆ దువ్వెన ఇటివ్వు”, “బావా, వేడినీళ్ళు అయిపోయాయి” అని పిలవగా పిలవగా, కుర్చీల్లో కూర్చునేవాళ్ళు కూడా బావా అనడం మొదలుపెట్టారు. బ్యాంకు మేనేజరుకూ అతను బావే, పాలు తెచ్చే అతనికీ బావే. ఇంతమంది అక్కచెల్లెళ్ళను తనకు చెప్పకుండా ఎప్పుడు కట్టబెట్టారని మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత పిలుపు అలవాటైంది. విసుగు మాత్రం పోలేదు. వేరే విషయాల మీదికి మళ్ళింది.

రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే గది. ఒకే గోడకు రెండు అద్దాలు, వాటి ముందు రెండు కుర్చీలు. వాకిలి దగ్గరి కుర్చీ బామ్మర్దిది, లోపలిది బావది. జుట్టు పని ఎక్కువగా బామ్మర్ది చేతికి, గడ్డం పని బావ చేతికి వచ్చేవి. తలుపు పైన బోర్డు ఉంది. “కటింగ్ – షేవింగ్”. షాపు తెరిచిన ఏడాది బావ స్వయంగా కుంచె పట్టి రాశాడు. మొదటి మాట జోరుగా రాసేసరికి రెండో మాటకు చోటు చాలక చివరి అక్షరం తలుపు చట్రం మీదికి ఒరిగిపోయింది. షాపుకు అదే పేరు, అదే గుర్తు.

కొత్త ఊళ్ళో దిగినవాడు ముందుగా కటింగ్ షాపులో కూర్చుంటే ఆ ఊరి సంగతుల్లో సగం తెలిసిపోతాయని దేశదిమ్మరులు చెబుతారు. నిజమే. ఏ సగం తెలుస్తుందో మాత్రం చెప్పరు. చరిత్ర గ్రంథాలు తిరగేస్తే రాజు పక్కన మంత్రులు కనిపిస్తారు, సేనాపతులు కనిపిస్తారు, విదూషకులూ కనిపిస్తారు. రోజూ పొద్దున్నే ఆ రాజు కంఠం మీద కత్తి ఆనించినవాడి ఊసు ఎక్కడా ఉండదు. ఆ పావుగంటలో ఏ రాజూ ఎవరి మీదా యుద్ధం ప్రకటించినట్టూ, ఎవరి మాటా కాదన్నట్టూ దాఖలా లేదు. బావ చరిత్ర చదవలేదు. చదివి ఉంటే ఈ గొడవలో సగం తప్పేది.

సినిమాకు తీసుకెళ్ళింది బామ్మర్దే. ఊరు ఊరంతా ఆ సినిమాను నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఇంతవరకూ అలాంటిది రాలేదని ఒకరంటే, ఇక రాబోదని ఇంకొకరు. రెండోసారి చూసొచ్చినవాళ్ళు ఒక్కసారే చూసినవాళ్ళ వైపు జాలిగా చూస్తున్నారు. “బావా, అక్కా, మీరిద్దరూ రావాల్సిందే. ఇది చూడకపోతే మనుషుల్లో తిరగలేం” అని బామ్మర్ది సెలవురోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర్చున్నాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మనసులో కాస్త ఆశ కూడా పెట్టుకునే బయలుదేరాడు. అది తర్వాత ఎన్నడూ ఒప్పుకోలేదు.

తెర మీద ఒకడు ఎగిరాడు. కొండను గుద్దాడు, కొండ పగిలింది. రైలు వాణ్ణి గుద్దింది, రైలు నలిగింది. వాడి ఒంటి మీద గీత పడలేదు. మేడలు కూలుతున్నాయి, వాటిలో మనుషులున్న జాడ లేదు. ఒకమ్మాయి ఉంది, ఆమె పని తలెత్తి పైకి చూడటం. విలన్ ఒకసారి చచ్చి లేచాడు, మళ్ళీ చచ్చాడు, ఎందుకైనా మంచిదని బావ వాడి మీద ఓ కన్నేసి ఉంచాడు. తర్వాత ఎగిరేవాణ్ణి తీసుకెళ్ళి మంచుగుహలో సంకెళ్ళు వేశారు. నెలలు గడిచాయని తెర మీద అక్షరాలు పడ్డాయి. హాలంతా నిశ్శబ్దం. ఎగిరేవాడి ముఖం తెర నిండా వచ్చింది. చెంపలు నిగనిగలాడుతున్నాయి.

“ఆ గుహలో వీడికి గడ్డం ఎవరు గీశారు?” అన్నాడు బావ.

నెమ్మదిగానే అన్నాననుకున్నాడు. ముందు మూడు వరసలు వెనక్కి తిరిగాయి. ఎవరో “ష్” అన్నారు. బామ్మర్ది సీట్లో కిందికి జారిపోయాడు. అతని అక్క మాత్రం కదల్లేదు. చల్లటి గాలికి అప్పటికే నిద్రలోకి జారుకుంది.

అయిపోయాక పేర్లు పడుతుంటే బావ లేచాడు. బామ్మర్ది చెయ్యి పట్టి ఆపాడు. “కూర్చో బావా. పేర్లయ్యాక ఇంకో ముక్క ఉంటుంది.” ఒంటేలుకు ఆపుకుంటూ, తెల్లటి అక్షరాలు చీమల బారులా పాకుతుంటే బావ కూర్చున్నాడు. వచ్చిన ముక్కలో మరొకడు, మరో రంగు బట్టల్లో, మరో కొండ మీద నిలబడి ఉన్నాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది.

“ఇంకోడా!” అన్నాడు బావ.

ఇంటికి నడిచే దారిలో అసలు యుద్ధం మొదలైంది.

“తెగని మెడకి ధైర్యమేంట్రా?” అన్నాడు బావ. “కత్తి దిగదు, గుండు దిగదు, రైలు గుద్దినా తుడుచుకుని లేస్తాడు. వాడు మేడ మీంచి దూకితే గొప్పేముంది? నేను షాపు మెట్టు దిగినట్టే.”

“సినిమా బావా అది. మనసుతో చూడాలి.”

“మనసు తెచ్చుకునే కూర్చున్నాన్రా. మూడుగంటలు దానికి పనే దొరకలేదు.”

“ప్రపంచమంతా మెచ్చుకుంటుంటే నువ్వొక్కడివేనా తెలివైనవాడివి?”

“ప్రపంచాన్ని వచ్చి నా కుర్చీలో కూర్చోమను. అడిగి చూద్దాం.”

“మీరిద్దరూ ఆపుతారా, నడిరోడ్డు మీద” అంది బామ్మర్ది అక్క, ఆవలిస్తూ. “నాకైతే నిద్ర బాగా పట్టింది.”

“చూశావా, మీ అక్క కూడా నా వైపే” అన్నాడు బావ.

నోటితో పోయే గొడవైతే అక్కడితో పోయేది. మర్నాడు బామ్మర్ది బొమ్మలు వేసే ఆయన్ని షాపుకు తీసుకొచ్చాడు. అద్దాల తలుపు నిండా ఎగిరేవాడి బొమ్మ, పైన పాత బోర్డు పీకేసి వాడి పేరే షాపుకు పెట్టాలట. కుర్రకారంతా వాడి జుట్టే కావాలంటున్నారు, నాలుగు వీధుల అవతలి షాపువాడు అప్పుడే వేయించేశాడట.

“నా బోర్డు మీద చెయ్యి పడితే ఊరుకోను” అన్నాడు బావ.

“నీ బోర్డేంటి, మనది.”

“రాసింది నేను.”

“అందుకే అలా ఒరిగింది” అన్నాడు బామ్మర్ది. ఆ మాట ఇన్నేళ్ళుగా ఇద్దరి మధ్యా సరదాగా నడిచేదే. ఆ రోజు మాత్రం అందులో సరదా లేదు. “చూడు బావా, నీతో వేగడం నావల్ల కావట్లేదు. లోకానికి నచ్చింది నీకు నచ్చదు. సినిమా చెత్త, రోడ్డు చెత్త, కొత్త వంతెన చెత్త. మార్కెట్టు వీధిలో ఒక గది ఖాళీగా ఉంది. బొమ్మ వద్దంటే నా కుర్చీ నేను తీసుకుపోతా.”

బావ వాకిలి దగ్గరి కుర్చీ వంక ఒకసారి చూశాడు. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. “సరే. వచ్చే సెలవురోజు దాకా నీ కుర్చీలో వాళ్ళని నువ్వడుగు, నా కుర్చీలో వాళ్ళని నేనడుగుతా. సినిమా గొప్పదని ఎక్కువమంది అంటే బొమ్మ వేయించుకో. కాదంటే నోరు మూసుకుని పని చేసుకో.”

బామ్మర్ది విచిత్రంగా చూశాడు. లోపలి కుర్చీ వంక కూడా చూసి, సరేనన్నాడు.

అలా మొదలైందే ఆ “ఏముంది సార్ అందులో?” వారం. బామ్మర్ది కుర్చీలో అభిప్రాయాలు రకరకాలుగా వచ్చాయి. ఎక్కువమంది మెచ్చుకున్నారు, ఒకరిద్దరు పెదవి విరిచారు, ఒకాయన పాటలు లేవని బాధపడ్డాడు. బావ కుర్చీలో మాత్రం ఒకటే మాట. బడి పంతులు “తలనొప్పి వచ్చింది బావా” అన్నాడు. బ్యాంకు మేనేజరు “అంతా హడావుడి” అన్నాడు. అందరికంటే ఘనంగా మాట్లాడింది పక్క మందుల షాపాయన. నురుగు మధ్యలోంచి “మీరన్నది అక్షరాలా నిజం. మనలాంటివాళ్ళు చూసేది కాదది” అన్నాడు. మనలాంటివాళ్ళు అన్న ఆ మాటకు బావ కరిగిపోయి, అతనికి పటికరాయి రెండుసార్లు రుద్ది, చెవుల మీది వెంట్రుకలు కూడా ఊరికే తీసి పంపించాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని బావ ఒళ్ళు విరుచుకున్నాడు. “ఒక్కడు కూడా నా మాట కాదనలేదు. నీ తమ్ముడి మొహం చూడాలి.”

“మిమ్మల్ని ఎవరు కాదంటారు?” అంది భార్య, గిన్నె మీద మూత పెడుతూ.

“అంటే? నీకూ నచ్చలేదుగా సినిమా?”

“నచ్చలేదనే అనుకోండి.”

ఆ “అనుకోండి” అతని చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. గెలుస్తున్నవాడి చెవులు అంతే.

షాపు వెనక ఇరుకైన దొడ్డి, అక్కడొక కొళాయి. తువాళ్ళు ఉతుక్కునేది అక్కడే. మందుల షాపు వెనక గది గోడ దానికి ఆనుకునే ఉంటుంది, పైన చిన్న కిటికీ. ఆ వారం చివర్లో ఒక మధ్యాహ్నం బావ తువాళ్ళు పిండుతుంటే కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. మందుల షాపాయన గొంతు అందరికంటే పైన ఉంది.

“నేను రెండుసార్లు చూశాను, మూడోసారి మా ఆవిడతో వెళ్తున్నాను. కానీ మెడ మీద కత్తి పెట్టి సినిమా ఎలా ఉందని అడిగితే ఏమంటాం చెప్పండి? దరిద్రంగా ఉందంటాం!”

“ఇదేమన్నా కొత్తా?” ఇది బడి పంతులు. “ఆ కుర్చీలో నేను ఇప్పటికి ఎన్ని ప్రభుత్వాల్ని తిట్టానో! ఇంటికెళ్ళి వాటికే ఓటేశాను.”

మళ్ళీ నవ్వులు. వాటిల్లో ఒక నవ్వు బావకు బాగా తెలిసినది. టీకి వెళ్ళిన బామ్మర్దిది.

“మీ బావకి ఈ సంగతి తెలీదా?” అన్నాడు మందుల షాపాయన.

“చెప్పకండి” అన్నాడు బామ్మర్ది. “పాపం.”

బావ చేతిలో తువాలు మెలితిరిగి అలాగే ఉండిపోయింది. కొళాయి కారుతూనే ఉంది. అందరూ నవ్వడం కాదు, అతన్ని కోసింది ఆ చివరి మాట. ఒక సినిమాతో పోయేది కాదిది. కొత్త వంతెన కూలుతుందన్నప్పుడు అవునన్నవాళ్ళు, ఈ కాలం డాక్టర్లకు చెయ్యి పట్టి నాడి చూడటం రాదన్నప్పుడు తల ఊపబోయి ఆగినవాళ్ళు, మీలా మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు బావా అన్నవాళ్ళు, ఇన్నేళ్ళ జనం వరసగా కళ్ళముందు నిలబడ్డారు. అందరి గడ్డాలూ పైకెత్తి ఉన్నాయి. లోకం తన మాట మీదే నడుస్తోందనుకున్నాడు. లోకం ఊపిరి బిగబట్టుకుని కూర్చుందని తోచలేదు.

మర్నాడు పరీక్ష పెట్టాడు. బ్యాంకు మేనేజరు వచ్చి కూర్చోగానే, గుడ్డ కప్పకముందే, రెండు చేతులూ ఖాళీగా చూపిస్తూ అడిగాడు. “నిజం చెప్పండి సార్. సినిమా ఎలా ఉంది?”

“మొన్న చెప్పానుగా...” అని మేనేజరు అతని చేతుల వంక, అల్మారాలో మడిచి ఉన్న కత్తి వంక చూశాడు. “ఒక రకంగా బాగానే ఉంది బావా. ఒక రకంగా ఏంటి, చాలా బాగుంది. మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం.”

బావ నురుగు పూశాడు. ఆ రోజు మేనేజరుకు జరిగిన షేవింగంత నిశ్శబ్దమైన షేవింగు ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు. ఆయన లేచి వెళ్ళేటప్పుడు మెడను రెండుసార్లు తడుముకున్నాడు.

సెలవురోజు వచ్చింది. వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. సెలవురోజు పొద్దున షట్టరు సగం దించి, ఒకరికొకరు గడ్డం గీసుకునేవాళ్ళు. తన గడ్డం తాను గీసుకోవడం బావకు నామోషీ. పనివాడి చేతి కింద కూర్చోకపోతే పని మరిచిపోతామనేవాడు. మాట్లాడుకోని ఈ వారంలో ఇద్దరి ముఖాలూ మాసిపోయి, షాపుకొచ్చినవాళ్ళకు తామే నయమనిపించేలా ఉన్నాయి.

బావ ఒక్కడే వచ్చి కత్తిని తోలుపట్టా మీద నూరుతుంటే బామ్మర్ది షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. వెళ్ళి లోపలి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తాడు.

బావ గుడ్డ కప్పాడు. నురుగు పూశాడు. కత్తి తెచ్చి కంఠం ముడి కింద ఆనించాడు.

“విన్నాను. గోడ అవతలి నుంచి.”

బామ్మర్ది గుటక మింగబోయి ఆపుకున్నాడు.

“పాపం అన్నావు.”

“అన్నాను.”

“ఈ కుర్చీలో అందరూ ఏమంటారో ఇప్పుడు తెలిసింది. నువ్వేమంటావు? సినిమా ఎలా ఉంది?”

ఫ్యాను కిర్రుమంటోంది. బామ్మర్ది చూపు దాని మీదికి పోలేదు. తిన్నగా బావ కళ్ళల్లోకి చూశాడు.

“బ్రహ్మాండంగా ఉంది బావా.”

కత్తి కదల్లేదు.

“ఇంకా చెప్పమంటావా? ఆ గుహ సీన్లో నాకు ఏడుపొచ్చింది. ఎవరూ రారని తెలిసి కూడా వాడు తలుపు వంకే చూస్తూ కూర్చుంటాడు. సరిగ్గా అప్పుడు నువ్వు గడ్డం గురించి అరిచావు. ముందువాళ్ళంతా తిరిగి చూస్తే నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. మార్కెట్టు వీధి గది అందుకే చూశాను. బొమ్మ కోసం కాదు.”

ఆ తలుపు బావకు గుర్తు రాలేదు. ఆ సీన్లో అతను చూసింది చెంపలు మాత్రమే.

“ఎవరొస్తార్రా అక్కడికి” అన్నాడు, “వాడికి గడ్డం గీసేవాడు తప్ప.”

బామ్మర్దికి నవ్వు ఆగలేదు. కంఠం ముడి ఎగిరింది. కత్తి అంచున ఎర్రగా సన్నటి గీత తేలింది. ఇన్నేళ్ళలో బావ చేతి కింద ఒక మెడ తెగడం అదే మొదలు. ఇద్దరూ అద్దంలో ఆ గీత వంక చూశారు. బావ పటికరాయి తడిపి అదిమి పట్టుకున్నాడు. బామ్మర్ది “స్స్” అన్నాడు గానీ తల తిప్పుకోలేదు.

“కదలకు. మిగతాది అవనీ.”

తర్వాత చోట్లు మార్చుకున్నారు. ఇప్పుడు కత్తి బామ్మర్ది చేతిలో ఉంది, బావ గడ్డం పైకి లేచి ఉంది. అక్కడి నుంచి చూస్తే కత్తి పొడుగ్గా కనిపిస్తుందని బావకు తెలుసు. ఫ్యాను రెక్కల మీద ఎంత దుమ్ము ఉందో మాత్రం ఆ రోజే చూశాడు.

“మరి నీ సంగతి?” అన్నాడు బామ్మర్ది, కత్తి ఆనించి. “లోకమంతా మెచ్చిన సినిమా. సరిగ్గా ఆలోచించుకుని చెప్పు.”

“చెత్త” అన్నాడు బావ. “ఒట్టి చెత్త. ఇంకోసారి అడిగితే ఇంకా గట్టిగా చెబుతా.”

కత్తి చెంప మీద నున్నగా జారింది.

బొమ్మ పడింది. పందెంలో ఓడానని బావే ఒప్పుకున్నాడు. కత్తి కింద పడిన ఓట్లు చెల్లవన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఇప్పుడు ఆ అద్దాల తలుపు మీద ఎగిరేవాడు ఆకాశంలో చేతులు చాపి ఎగురుతున్నాడు, గుండెల దాకా గడ్డంతో. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వుకుంటారు. పైన బోర్డు అలాగే ఉంది, చివరి అక్షరం ఒరిగి. బామ్మర్ది కుర్చీ వాకిలి దగ్గరే ఉంది. ఇద్దరి మధ్యా మాటలు మునుపటికంటే కరుకుగానే ఉన్నాయి.

మారింది ఒక్కటే. వాదన పెట్టుకోవాలనిపిస్తే బావ ఇప్పుడు ముందుగా కత్తి మడిచి అల్మారాలో పెడతాడు. అది న్యాయమని అతని ఉద్దేశం. సగం గడ్డంతో, ఒక చెంప నురుగుతో, మెడకు గుడ్డతో ఎదుటివాడు లేచిపోలేడు కదా అన్న సంగతి అతనికి తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో తెలియదు. పావుగంటలో అయ్యే పని పూటంతా సాగుతోంది. కొందరు వాకిలి కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడటానికే ఇష్టపడుతున్నారు.

మందుల షాపాయన మాత్రం వస్తున్నాడు. మొన్న అతనికి చెంప మీద నురుగు ఎండి పెచ్చులు కట్టింది.

“మూడోసారి కూడా చూశాను” అన్నాడతను, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపిరిలో. “మూడోసారి ఇంకా బాగుంది.”

బావ చెవి వెనక తీరిగ్గా గోక్కున్నాడు. “నీ మొహం” అన్నాడు, మనస్ఫూర్తిగా. తర్వాత అల్మారాలోంచి కత్తి తీసి, రెండో చెంపకు మళ్ళీ నురుగు పూయడం మొదలుపెట్టాడు.